నీళ్లు వచ్చాయి సరే, మురుగు ఎటు పోవాలి?

పల్లెల్లో పొద్దున్నే వినిపించే తగాదాల్లో చాలా భాగం నీళ్ల గురించే. ఒకప్పుడు బోరింగు దగ్గర, వీధి కుళాయి దగ్గర బిందెల వరుస గురించి జరిగేవి. ఇంటింటికీ నల్లా వచ్చిన ఊళ్లలో ఆ తగాదాలు కొంత తగ్గాయి. వాటి చోట ఇంకో రకం తగాదాలు పెరిగాయి. 'మీ జాలారి నీళ్లు మా వాకిట్లోకొస్తున్నాయి', 'మీ బాత్‌రూము నీళ్లకు మా గోడ నానిపోతోంది', 'మీరు బట్టలుతికిన నీళ్లతో మా గేదెను కట్టేసే చోటంతా రొచ్చయింది' అని మొదలవుతాయి. తిట్ల దాకా, ఒక్కోసారి జుట్లు పట్టుకునే దాకా పోతాయి. పెద్దమనుషులు వచ్చి 'ఆడోళ్ల గొడవలు' అని తేల్చేసి వెళతారు. స్టేషనుకు పోయినా అదే మాట.

ఇవి ఆడవాళ్ల గొడవలు కావు. వాడిన నీళ్లు పోవడానికి దారి వేయవలసిన పంచాయతీ, అందుకు డబ్బు ఇవ్వవలసిన ప్రభుత్వం ఆ పని చేయనందువల్ల పక్కపక్క ఇళ్ల స్త్రీలు ఒకరికొకరు శత్రువులవుతున్నారు. ప్రభుత్వం చేయని పని ఇద్దరు స్త్రీల నోటి దురుసుతనంగా లెక్కకొస్తోంది.

నీళ్ల గురించి స్త్రీలు చాలా పోరాటాలు చేశారు. ఖాళీ బిందెలతో రోడ్ల మీద కూర్చున్నారు, మండలాఫీసుల ముందు ధర్నాలు చేశారు. మైళ్ల దూరం నడిచి నీళ్లు మోసే శ్రమ గురించి ఎన్నో వ్యాసాలు, నివేదికలు వచ్చాయి. ఇంట్లోకి వచ్చిన నీళ్లు వాడిన తరువాత ఎటు పోతాయన్న ప్రశ్న మాత్రం డిమాండ్ పత్రాల్లో అరుదుగా కనిపిస్తుంది. నీళ్లు రావడం ఎంత హక్కో, వాడిన నీళ్లు ఎవరికీ హాని చేయకుండా పోవడం కూడా అంతే హక్కు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జూలైలో మంచినీటినీ పారిశుద్ధ్యాన్నీ కలిపే మానవ హక్కుగా గుర్తించింది. మన దగ్గర ఈ రెండింటిలో మొదటిది పథకమైంది. రెండోది ఇంటి లోపల స్త్రీల చాకిరీగా, ఇంటి బయట దళిత కార్మికుల చాకిరీగా మిగిలిపోయింది. దీన్ని మార్చకుండా ఎన్ని గుంటలు తవ్వినా, ఎన్ని కాలువలు కట్టినా పల్లె శుభ్రపడదు.

ఎన్ని నీళ్లు వస్తే అంత మురుగు

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో దాదాపు 63 శాతానికి ఏ రకమైన మురుగు కాలువా లేదు. కాలువ ఉన్న ఇళ్లలో కూడా ఎక్కువ వాటికి ఉన్నది మూత లేని కాలువే. ఆ తరువాతి సంవత్సరాల్లో పల్లెకు నీళ్లు పెరిగాయి. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ, గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. 2019లో కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి 55 లీటర్లు. ఈ నీళ్లు అన్ని ఊళ్లకూ అన్ని రోజులూ చెప్పినంతగా అందుతున్నాయా అన్నది వేరే చర్చ. అందిన చోట స్త్రీల నెత్తి మీది బరువు తగ్గిన మాట నిజం. అది చిన్న విషయం కాదు.

అయితే ఇంటికి వచ్చిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి పోతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. మూడు వందల గడపలు, 1500 మంది ఉన్న ఒక ఊరిని తీసుకుందాం. మనిషికి 100 లీటర్ల చొప్పున రోజుకు లక్షా 50 వేల లీటర్లు ఊళ్లోకి వస్తే, లక్షా 20 వేల లీటర్లు వాడిన నీళ్లుగా బయటికి రావాలి. 5 వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు 24 నిండుతాయి. 55 లీటర్ల లెక్కనే చూసినా 13 ట్యాంకర్లు. ప్రతి రోజూ అన్ని ట్యాంకర్ల మురుగు ఆ చిన్న ఊళ్లో ఎక్కడికి పోవాలో ముందుగా ఆలోచించి పైపులు వేసిన ఊళ్లు తక్కువ. నీళ్లు తెచ్చే పైపుకు అంచనాలు, టెండర్లు, ప్రారంభోత్సవాలు ఉన్నాయి. ఆ నీళ్లు పోయే దారిని మాత్రం వాకిలి ఊడ్చే ఆమె చీపురుకు వదిలేశారు.

2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ తొలి దశ అంతా మరుగుదొడ్ల చుట్టూ తిరిగింది. 2020లో మొదలైన రెండో దశలోనే గ్రామాల చెత్త, మురుగునీరు ప్రధానంగా లెక్కలోకి వచ్చాయి. మురుగునీటి పనులకు 5 వేల లోపు జనాభా ఉన్న గ్రామాలకు మనిషికి 280 రూపాయల వరకు, అంతకు మించిన గ్రామాలకు మనిషికి 660 రూపాయల వరకు ఇస్తామన్నారు. పైన అనుకున్న 1500 మంది ఊరికి ఇది 4 లక్షల 20 వేల రూపాయలకు మించదు. అదీ కట్టడానికి ఒక్కసారి ఇచ్చే డబ్బు. కట్టిన దాన్ని ఏటా నడపడానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లను చూపించారు. 2021 నుంచి 2026 వరకు వర్తించిన ఆ సిఫారసుల ప్రకారం పంచాయతీలకు వచ్చే నిధుల్లో 60 శాతం మంచినీరు, పారిశుద్ధ్యాలకే ఖర్చు పెట్టాలి, రెండింటికీ చెరి సగం. కానీ ట్రాక్టరు డీజిలు, కరెంటు బిల్లు, జీతాలు, బ్లీచింగు పౌడరు అన్నీ పోటీ పడే పంచాయతీ ఖాతాలో ఇళ్ల వెనక పారే మురుగు వంతు ఎప్పుడొస్తుందో ఊహించడం కష్టం కాదు. పైనుంచి అడిగే లెక్క 'ఎన్ని గుంటలు తవ్వారు, ఎన్ని మీటర్ల కాలువ కట్టారు' అన్నదే. 'అవి ఎవరు శుభ్రం చేస్తున్నారు, వాళ్లకు ఏమిస్తున్నారు' అనే గడి ఆ కాగితాల్లో ఉండదు.

పెరడు ఉన్న ఇల్లు, పెరడు లేని ఇల్లు

పాత కాలపు రైతు ఇంట్లో వాడిన నీళ్లన్నీ ఒకే మురుగు కావు. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, గేదెలు తాగేవి. స్నానం నీళ్లు అరటి పాదుకో చేమ మడికో పారేవి. అంట్లు బూడిదతో తోమేవారు, తల కుంకుడుకాయలతో రుద్దుకునేవారు కాబట్టి ఆ నీళ్లు మొక్కలకు పెద్దగా హాని చేసేవి కావు. ఏ నీళ్లు పశువుకు, ఏ నీళ్లు చెట్టుకు, ఏ నీళ్లు దూరంగా పారబోయాలి అన్నది ఇంటి స్త్రీలకు తెలిసిన విద్య. దీనికి ఇంజనీర్లు ఇవాళ పెట్టిన పేరు మూలంలోనే వేరు చేయడం. స్త్రీలు చేసినప్పుడు అది విద్య అనిపించుకోలేదు, పని అని కూడా అనిపించుకోలేదు.

అయితే ఈ పాత పద్ధతిని తలుచుకుని మురిసిపోవడానికి లేదు. కుడితి తొట్టికి గేదె ఉండాలి, అరటి పాదుకు పెరడు ఉండాలి. ఆ రెండూ ఏ కులాల ఇళ్లలో ఉండేవో మనకు తెలుసు. ఆ కుడితి మోసి, ఆ పెరడు ఊడ్చినవాళ్లలో చాలామందికి సొంత పెరడు లేదు. ఇప్పుడు రైతు ఇళ్లలోనూ గేదెలు తగ్గాయి, సబ్బుపొడి వచ్చింది, నీళ్లు పెరిగాయి. పాత పద్ధతికి తిరిగిపోదాం అనే సలహా పెరడు ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

ఇంటింటికీ ఇంకుడు గుంట అనే కార్యక్రమంలో కూడా ఇదే లోపం ఉంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంట తవ్వి, రాళ్లు నింపి, వాడిన నీళ్లను అందులోకి వదలడం మంచి పద్ధతే, ఖర్చు తక్కువ. ఉపాధి హామీ పథకం కింద రెండు రాష్ట్రాల్లోనూ వీటిని పెద్ద సంఖ్యలో తవ్వించారు. కానీ ఇంకుడు గుంట మూడు విషయాలను ముందే ఉన్నట్టు అనుకుంటుంది.

మొదటిది స్థలం. గోడకు గోడ ఆనుకుని కట్టిన ఎస్సీ కాలనీలో, రెండు సెంట్ల ఇంటి పట్టాలో, వంటగది వెనక చేయి చాపితే పక్కింటి గోడ తగిలే చోట గుంట ఎక్కడ తవ్వాలి? పునాదికి ఆనించి తవ్వితే ఇల్లు దెబ్బ తింటుంది. చివరికి వీధిలో తవ్వుతారు, బండి ఎక్కి అది కూలిపోతుంది. 'ఈ కాలనీవాళ్లకు శుభ్రత తెలియదు' అనే మాట మాత్రం మిగులుతుంది. తెలియనిది శుభ్రత కాదు, లేనిది స్థలం. మురుగు ప్రశ్నను భూమి ప్రశ్న నుంచి విడదీసి చూడలేం.

రెండోది నేల. ఎర్ర చెలకలో నీళ్లు ఇంకుతాయి. నల్లరేగడిలో వానాకాలమంతా గుంట నిండే ఉంటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీటి మట్టం పైనే ఉన్న ఊళ్లలో గుంటలోకి కింది నుంచే నీళ్లు ఊరతాయి. అక్కడ మురుగు ఇంకడం అంటే పక్కనున్న చేతి పంపులోకి చేరడం. రాష్ట్రమంతటికీ ఒకే గుంట నమూనా పంపితే ఇదే జరుగుతుంది.

మూడోది శ్రమ. గుంటలోకి పోయే ముందు నీళ్లు ఒక చిన్న తొట్టిలో ఆగి, అన్నం మెతుకులు, జిడ్డు, వెంట్రుకలు అక్కడ నిలవాలి. ఆ తొట్టిని వారం వారం శుభ్రం చేయాలి. చేయకపోతే గుంట పూడిపోతుంది. కొన్నేళ్లకు రాళ్లన్నీ తీసి కడిగి మళ్లీ నింపాలి. కరపత్రాల్లో 'కుటుంబ సభ్యులు శుభ్రం చేసుకోవాలి' అని ఉంటుంది. ఆ కుటుంబ సభ్యులు ఎవరో చెప్పనక్కర లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేస్తున్నామని చెప్పిన స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు, పురుషులు 88 నిమిషాలు. నీళ్లు మోసే పని తగ్గిందని మనం సంతోషించే లోపే, నీళ్లు పారదోలే పని ఆమె రోజులో వచ్చి కూర్చుంది. దీన్ని ఎవరూ లెక్క పెట్టలేదు.

కాలువ చివర ఎవరున్నారు

ఏ ఊళ్లోనైనా మురుగు కాలువ వెంట నడిచి వెళితే ఆ ఊరి సామాజిక నిర్మాణం అర్థమవుతుంది. మెరకన ఉన్న ఇళ్లు ఎవరివి, పల్లంలో ఉన్న ఇళ్లు ఎవరివి, సిమెంటు కాలువ ఎక్కడ ఆగిపోతుంది, అక్కడి నుంచి మురుగు ఎవరి గుమ్మం ముందు మడుగు కడుతుంది అన్నవి యాదృచ్ఛికంగా జరిగినవి కావు. చాలా ఊళ్లలో మాల మాదిగ పల్లెలు పల్లంలోనే ఉన్నాయి. నీరు పల్లమెరుగు అన్న సామెత నీళ్ల గురించే చెప్పినా, ఆ పల్లంలో ఎవరుండాలో నిర్ణయించింది కులం.

వాడిన నీళ్లు ఎవరి నీళ్లలో కలపవచ్చు అన్న ప్రశ్న తెలుగు నేల మీద ఎంత నెత్తుటికి కారణమైందో కారంచేడు చెబుతుంది. 1985 జూలైలో ఆ ఊరి మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లను అగ్రకుల యువకులు పశువుల కుడితి కడిగి పాడు చేస్తుంటే ఒక దళిత యువకుడు అభ్యంతరం చెప్పాడు. అతన్ని కొడుతుంటే నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త అడ్డుపడింది, తన మీదికి వచ్చినప్పుడు బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులను చంపారు, స్త్రీలపై అత్యాచారాలు చేశారు. దళిత మహాసభ ఆ పోరాటంలోంచే పుట్టింది. కారంచేడును మనం ఆత్మగౌరవ పోరాటంగా గుర్తు పెట్టుకున్నాం, అది సరైనదే. అది మొదలైంది మాత్రం 'మేం తాగే నీళ్లలో మీ మురికి కలపవద్దు' అన్న మాటతో అని కూడా గుర్తు పెట్టుకోవాలి. మురుగు నిర్వహణ గురించి మాట్లాడేవారు దీన్ని సాంకేతిక సమస్యగా మాత్రమే చూస్తే ఈ చరిత్ర అంతా కనిపించకుండా పోతుంది.

మురుగు ఆగిన చోట జబ్బు వస్తుంది. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమ మురికి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. బోదకాలు వచ్చిన స్త్రీ కూలికి పోలేదు, ఇంటి చాకిరీ మాత్రం తప్పదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా మంచం పక్కన ఉండేది, కూలి పోగొట్టుకునేది ఆమే. పంచాయతీ మురుగు కాలువ మీద పొదుపు చేసిన ప్రతి రూపాయినీ ఆ పల్లపు ఇళ్ల స్త్రీలు తమ కూలి దినాలతో చెల్లిస్తున్నారు.

కాలువలో దిగేది ఎవరు

మన ఊళ్ల కాలువల్లో పారేది అంట్లు తోమిన నీళ్లు, బట్టలుతికిన నీళ్లు మాత్రమే అని కాగితాల మీద రాస్తారు. నిజానికి మరుగుదొడ్ల కార్యక్రమం తరువాత ఆ నీళ్ల స్వభావమే మారిపోయింది. పథకం సిఫారసు చేసింది రెండు గుంటల మరుగుదొడ్డిని. ఒక గుంట నిండాక రెండోది వాడుతూ, మొదటిదాన్ని ఏడాది రెండేళ్లు మూసి ఉంచితే మలం ఎరువుగా మారుతుంది, ఎవరూ పచ్చి మలాన్ని ముట్టనక్కర లేదు. కానీ కాస్త డబ్బున్న ఇళ్లు సెప్టిక్ ట్యాంకులు కట్టుకున్నాయి. సెప్టిక్ ట్యాంకులోంచి పైకి పొర్లే నీటిని ఇంకే చోటికి వదలాలి. చాలా చోట్ల ఆ పైపును నేరుగా వీధి కాలువలోకి పెట్టేశారు. కొన్ని ఇళ్లలో ట్యాంకు కూడా లేదు, దొడ్డి పైపే కాలువలోకి ఉంది.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూడాలి. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, దాని లోపాలను సరిచేస్తూ 2013లో మరో చట్టం వచ్చాయి. 2013 చట్టం నిర్వచనంలో పాత తరహా దొడ్లు శుభ్రం చేసేవారే కాక, అపరిశుభ్ర మరుగుదొడ్ల మలం వచ్చి చేరే బహిరంగ కాలువను చేతులతో శుభ్రం చేసేవారు కూడా ఉన్నారు. అంటే దొడ్డి పైపు కలిసిన వీధి కాలువలో పారతో దిగే పంచాయతీ కార్మికురాలు చట్టం నిషేధించిన పనే చేస్తోంది. కాగితం మీద ఆమె పారిశుద్ధ్య కార్మికురాలు, ఆంధ్రలో అయితే 'గ్రీన్ అంబాసిడర్', తెలంగాణలో 2019 నుంచి 'మల్టీపర్పస్ వర్కర్'. పేరు మారినా కాలువ మారలేదు, అందులో దిగే కులాలూ మారలేదు. అదే చట్టంలో, ప్రభుత్వం నోటిఫై చేసిన పరికరాలు, రక్షణ దుస్తులు ఇచ్చి చేయిస్తే ఆ నిర్వచనం వర్తించదనే మినహాయింపు ఉంది. ఇచ్చామని రాసుకోవడానికి ఒక రబ్బరు గ్లవ్స్ జత చాలు అనుకునే చోట ఈ మినహాయింపు ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా?

ఈ చట్టాలు ఊరికే రాలేదు. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్.శంకరన్ వంటివారు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27 తీర్పులో కోర్టు, 1993 నుంచి మురుగు పనుల్లో చనిపోయిన వారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20 నాటి మరో తీర్పు ఈ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ తీర్పులను మనం నగరాల మ్యాన్‌హోళ్లతో ముడిపెట్టి చదువుతాం. ఇప్పుడు పల్లెల్లో లెక్కలేనన్ని సెప్టిక్ ట్యాంకులు నిండుతున్నాయి. వాటిని ఖాళీ చేసే యంత్రాలు అన్ని మండలాలకూ అందుబాటులో లేవు. ఉన్న చోట కూడా ఆ మురికిని తీసుకెళ్లి పోసేది ఊరి బయటి వాగులోనో బీడులోనో అయితే శుద్ధి జరిగినట్టు కాదు. యంత్రం రాని చోట ఎవరిని పిలుస్తారో అందరికీ తెలుసు.

2023 జూలైలో తెలంగాణ పంచాయతీ కార్మికులు సమ్మె చేశారు. వేతనాల పెంపుతో పాటు, ఒకే మనిషి చేత అన్ని రకాల పనులూ చేయించే మల్టీపర్పస్ విధానాన్ని రద్దు చేయాలని అడిగారు. ఆ సమ్మె రోజుల్లో ఊళ్లలో చెత్త పేరుకుపోయిందని చాలామంది విసుక్కున్నారు. ఆ విసుగులో తెలియకుండానే ఒక ఒప్పుకోలు ఉంది. రోజూ ఊరిని నిలబెడుతున్నది ఆ పనే. మహిళా సంఘాలు ఇలాంటి సమ్మెలను వేరే సంఘాల వ్యవహారంగా చూడకూడదు. ఇంటి జాలారి శుభ్రం చేసే స్త్రీకీ వీధి కాలువ శుభ్రం చేసే స్త్రీకీ మధ్య కులం గోడ ఉంది. కానీ ఇద్దరి పనినీ విలువ లేనిదిగా చూస్తున్న వ్యవస్థ ఒకటే.

శుద్ధి అసాధ్యమేమీ కాదు

చిన్న ఊరికి మురుగు శుద్ధి అంటే కోట్ల ఖర్చు, కరెంటు మోటార్లు అవసరమన్న భయం అక్కర లేదు. స్థలం ఉంటే మూడు కుంటల పద్ధతి ఉంది. మొదటి కుంట లోతుగా ఉండి మడ్డిని అడుగుకు చేర్చుతుంది. లోతు తక్కువ ఉన్న రెండో, మూడో కుంటల్లో ఎండ, గాలి, నాచు, సూక్ష్మజీవులు నీటిని క్రమంగా శుభ్రం చేస్తాయి. ఇంకో పద్ధతిలో గులకరాళ్లు నింపిన మడుల్లో మెట్టతామర, జమ్ము వంటి మొక్కలు పెంచి, వాటి వేర్ల మధ్యగా మురుగును పారిస్తారు. పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ పరిశోధకులు ఈ రకం మడులను గ్రామాల్లో కట్టి నడిపి చూశారు. శుద్ధి అయిన నీళ్లను పశుగ్రాసానికీ చెట్లకూ పారించవచ్చు. ఇళ్ల దగ్గరే ఇంకే పద్ధతి విజయవంతమైన ఊళ్లూ ఉన్నాయి. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లాలోని టెంభుర్ణి, మన సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ ఇంటింటికీ ఇంకుడు గుంటలతో వీధి మురుగునూ దోమలనూ తగ్గించుకున్న ఊళ్లుగా పేరు పొందాయి.

అయితే ఏ పద్ధతైనా రెండు షరతుల మీదే నిలుస్తుంది. ఒకటి, మలం పైపులు ఈ కాలువలోకి రాకూడదు. రెండు, నడిపేందుకు మనిషి ఉండాలి, ఆ మనిషికి జీతం ఉండాలి. చెత్త పట్టే జాలీని రోజూ తీయాలి, మడి మొక్కలను కోయాలి, కొన్నేళ్లకోసారి కుంట మడ్డిని యంత్రంతో తోడాలి. వీటికి డబ్బు కేటాయించని ఊళ్లో శుద్ధి కుంట కాస్తా దోమల కుంట అవుతుంది. తరువాత 'ఈ పద్ధతి మన దగ్గర పనిచేయదు' అంటారు. పనిచేయనిది పద్ధతి కాదు, జీతం లేని శ్రమ మీద దాన్ని నిలబెట్టాలన్న ఆలోచన.

ఏం అడగాలి

మురుగు కాలువల నిర్మాణం, నిర్వహణ గ్రామ పంచాయతీ విధుల్లోవని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 2018 నాటి తెలంగాణ చట్టం రెండూ చెబుతున్నాయి. ఇది దయ కాదు. నిధులు లేవన్న జవాబును కూడా ఒప్పుకోనక్కర లేదు. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో కాలువల కంపు భరించలేక ప్రజలు కోర్టుకెక్కితే, డబ్బు లేదని మున్సిపాలిటీ తన బాధ్యతను తప్పించుకోలేదని 1980లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. అది మున్సిపాలిటీ కేసే అయినా, అందులోని తర్కం పంచాయతీకి వర్తించదనడానికి కారణం లేదు. ఆ కేసుకు ఆధారం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 152వ సెక్షన్. దాని కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. మురుగు తగాదాలో ఇద్దరు స్త్రీలు ఒకరి మీద ఒకరు స్టేషన్లో పెట్టే ఫిర్యాదు కన్నా, ఇద్దరూ కలిసి పంచాయతీ మీద ఆర్డీవో దగ్గర పెట్టే దరఖాస్తు ఎక్కువ పని చేస్తుంది.

గ్రామాల్లో పనిచేసే సంఘాలు మొదట చేయగలిగింది, స్త్రీలతో కలిసి కాలువ వెంట మొదటి నుంచి చివరి దాకా నడవడం. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఎన్ని దొడ్డి పైపులు కలిశాయి, మడుగు ఎవరి గుమ్మం ముందుంది అని ఒక కాగితం మీద గీసి గ్రామసభ ముందు పెట్టాలి. దొడ్డి పైపులు పెట్టిన ఇళ్లు చాలా వరకు ఊళ్లో పలుకుబడి ఉన్నవే అయి ఉంటాయి. అందుకే ఈ మాట ఒక్క స్త్రీ కాదు, పదిమంది కలిసి అనాలి. కాలనీలో స్థలం లేని ఇళ్లకు విడి విడి గుంటలు కాక, పంచాయతీ స్థలంలో ఉమ్మడి శుద్ధి ఏర్పాటు అడగాలి. అది మళ్లీ దళితవాడ పక్కనే పెట్టకుండా చూసుకోవాలి. పంచాయతీ బడ్జెట్లో కట్టడానికి ఎంత, నడపడానికి ఎంత అని రెండు వేర్వేరు పద్దులు చూపించమనాలి. కాలువ పని చేసేవారికి పూర్తి వేతనం, ప్రతి నెలా జీతం, యంత్రం, వైద్యం అడగాలి.

ఇంకొక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల్లో గ్రామ నీటి కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలని ఉంది. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలవే. ఈ భాగస్వామ్యాన్ని మనమే కోరుకున్నాం. కానీ 'భాగస్వామ్యం' అనే మాట చాలాసార్లు పొదుపు సంఘం స్త్రీల చేత ఉచితంగా ఊడిపించడానికి, ఇంటింటికీ తిరిగి చెప్పించడానికి పనికొస్తోంది. నిర్ణయం చేసేటప్పుడు, బిల్లు పాస్ చేసేటప్పుడు ఆమెకు బదులు భర్త కూర్చుంటాడు. చీపురు పట్టేటప్పుడు మాత్రం ఆమె కావాలి. కమిటీలో ఉన్న స్త్రీ ఎక్కడ కాలువ వేయాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించే మనిషి కావాలి. శుద్ధి చేసిన నీళ్ల మీద కూడా ఇదే పట్టు ఉండాలి. ఎండాకాలంలో ఆ నీటికి విలువ ఉంటుంది, దాన్ని పక్క పొలం రైతుకు వదిలేయడం సులభం. గడ్డి పెంచుకోవడానికో, నర్సరీకో భూమిలేని స్త్రీల బృందాలకు ఆ నీళ్ల మీద మొదటి హక్కు ఇవ్వాలని గ్రామసభలో తీర్మానం చేయించవచ్చు.

వచ్చే గ్రామసభలో నల్లా నీళ్ల గురించి ఎలాగూ మాట్లాడతారు. ఆ చర్చ ముగిసే ముందు ఒకరు లేచి, ఈ నీళ్లు వాడాక ఎటు పోతున్నాయి, ఆ కాలువలో ఎవరు దిగుతున్నారు, వాళ్లకు పోయిన నెల జీతం వచ్చిందా అని అడిగి, వచ్చిన జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించాలి. రాసి ఉన్నదాన్ని ఆపై సభలో మళ్లీ అడగవచ్చు.